బుడాన్ సాయిబు రెండో చూపు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. దాని గోడలు, తలుపులు, ముందున్న వేపచెట్టు ఆకులు కూడా తెల్లటి దుమ్ముతో విభూతి పూసుకున్నట్టు ఉంటాయి. లోపల రాళ్లకు పరీక్షలు చేస్తారు. బట్టీల వాళ్లు తెచ్చిన సున్నపురాయి మంచిదేనా, ఇసుక పాలు ఎక్కువైందా అని చెప్పడం అక్కడి రోజువారీ పని. ఆ పనికి మైక్రోస్కోపు అక్కర్లేదు. అయినా లోపలి గదిలో ఒకటుంది. దాని ముందు బుడాన్ ఉంటాడు.

వయసు యాభై తొమ్మిది. చదువు ఎనిమిదో తరగతి. ఇరవై రెండేళ్లప్పుడు వినుకొండ వైపు కొండల్లో రాగి కోసం వెతికే సర్వే క్యాంపులో రాళ్ల మూటలు మోసే పనికి కుదిరాడు. అక్కడి పెద్ద ఆఫీసరు ఒకాయన టీ తాగే వేళ, "ఏం బుడాన్, రోజూ మోస్తావు గదా, లోపల ఏముందో చూస్తావా?" అని పిలిచి మైక్రోస్కోపు ముందు తన స్టూలు మీదే కూర్చోబెట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు బుడాన్ గొంతు మెత్తబడుతుంది. తొమ్మిదేళ్ల తర్వాత క్యాంపు ఎత్తేశారు. సామాను వేలం వేశారు. మైక్రోస్కోపు కొన్న ఆసామి, దాన్ని తుడవడం తెలిసిన మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అలా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు.

మిగతా వేళల్లో ఆయన గొంతు నిండా విసుగే. ఆ విసుగుకు కారణం బంగారం.

మా వైపు నేలలో మెరిసే రాయికి కొదవ లేదు. కొండ ఎక్కినవాడికీ, బావి తవ్వినవాడికీ, మేకలు కాసేవాడికీ ఏదో ఒకటి తళుక్కుమంటుంది. దాన్ని పట్టుకుని వారానికి ఇద్దరైనా ఆ షెడ్డుకు వస్తారు. ఆవకాయ సీసాల్లో, జాకెట్టు గుడ్డల్లో, పసిపిల్లల సాక్సుల్లో రాళ్లు తెస్తారు. కొన్నిటికి పసుపు కుంకుమ పూసి ఉంటుంది. ఒకాయన రాయికి తాయెత్తు కట్టి తెచ్చాడు.

"బంగారమో కాదో తర్వాత, ముందు దీనికి స్నానం చేయించాలి నేను!" అని బుడాన్ తల పట్టుకునేవాడు. అనేవాడే గానీ, కుంకుమ కడిగిన నీళ్లు ఎవరూ తొక్కకుండా వేపచెట్టు మొదట్లో పోసేవాడు. ఆవకాయ సీసాను సబ్బుతో తోమి, ఎండలో ఆరబెట్టి మరీ తిరిగి ఇచ్చేవాడు.

రాయిని ఇనప కల్వంలో దంచాలి. ఆ పొడిని జిగురులో కలిపి గట్టిపడనిస్తే రూపాయి బిళ్ళంత ముద్ద అవుతుంది. దాన్ని తిరిగే చక్రం మీద గరుకు పొడితో మొదలుపెట్టి, మెత్తటి పొడితో, చివరికి గుడ్డ మీద, అద్దంలాగా అయ్యేదాకా నున్న చేయాలి. అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి పైనుంచి దీపం వేస్తే ఒక్కో లోహం ఒక్కో రంగులో కనిపిస్తుంది. ఒక బిళ్ళకు ఒక పూట పని. ఆ పూటంతా తెచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి, "అయిందాండీ? ఉందాండీ? పోనీ కాస్తయినా ఉందాండీ?" అంటూనే ఉంటారు.

"ఉంటే నేనిక్కడ ఎందుకుంటానయ్యా?" అనేవాడు బుడాన్. అంటూనే స్టూలు తీసి ఫ్యాను కిందకు జరిపేవాడు, కూర్చోమని.

ఆయనకొక కట్టుబాటు ఉంది. బిళ్ళను ఒకసారి చూసి, దించి, మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ పెట్టి చూడాలి. ఆ రెండో చూపు అయితే గానీ బంగారం అనే మాట నోటి నుంచి రాకూడదు. ఒకరి చెవిన పడ్డాక ఆ మాటను వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదని ఆయన నమ్మకం. నిజానికి ఆ కట్టుబాటుతో పని పడిందే తక్కువ. ముప్ఫై ఏడేళ్లలో ఆయన నిజమైన బంగారం చూసింది నాలుగు బిళ్ళల్లో, అదీ క్యాంపు రోజుల్లో, ఎక్కడి నుంచో వచ్చిన నమూనాల్లో. ఈ షెడ్డులో ఒక్కటీ లేదు.

ఆగస్టు చివర్లో ఒకరోజు జక్రయ్య వచ్చాడు. అద్దంకి దారిలో సంతమాగులూరు దాటాక లోపలికి ఉన్న ఒక పల్లె ఆయనది. రెండెకరాల మిరప రైతు. యూరియా సంచిలో బోరు నుంచి పడిన రాతి ముక్కలు తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు.

"నూట పది అడుగుల్లోనే నీళ్లు పడ్డాయి సాయిబు గారూ. ఇంకాస్త పడతాయిలే అని నూట ఎనభైకి దింపించా. ఇదిగో, ఇది పడింది."

తెల్లటి పలుగురాయిలో పచ్చగా, నలుచదరంగా మెరుపులు. బుడాన్ కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"కాకిబంగారం. ఇనుమూ గంధకమూ. ఇంటికెళ్లి మిరప వేసుకో."

"మిషన్లో చూడకుండానే?"

"నీ మొహం చూసి నువ్వు జక్రయ్యవని చెప్పడానికి మిషనెందుకయ్యా?"

"నా మొహం మీరు ఇందాకేగా చూసింది. పేరు నేను చెప్తేనేగా తెలిసింది?"

 పక్క బల్ల దగ్గర రిపోర్టు రాస్తున్న శరణ్య నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. ఆ పిల్ల భూగర్భ శాస్త్రం చదివి రెండేళ్ల కిందట అక్కడ చేరింది. పరీక్ష బుడాన్ చేసినా కాగితం మీద సంతకం ఆమెదే.

"మిరప ఎప్పుడు నాటాలి?" అని అడిగింది జక్రయ్యను.

"నారు ముప్ఫై ఎనిమిది రోజులదయిందమ్మా. నలభై అయిదు దాటితే ముదిరిపోద్ది, నాటినా కాపు రాదు. కానీ బంగారం ఉన్న నేలలో మిరప ఎట్టా పెడతా? రేపు తవ్వేవాళ్లు వచ్చి పైరంతా తొక్కేస్తే నా రెక్కల కష్టం ఏం కాను? ఏ సంగతో తేలితే గానీ నాగలి కట్టను."

"వారంలో నాటకపోతే ఈ ఏటి పంట లేనట్టేగా?"

"లేనట్టే. అందుకేగా పరుగెత్తుకొచ్చింది."

బుడాన్ గట్టిగా నిట్టూర్చి ముక్కలు ఏరి కల్వంలో వేశాడు. ఆయన కుడి భుజం రెండేళ్లుగా నొప్పి. రోకలి ఎత్తినప్పుడల్లా మొహం ముడుచుకుపోతుంది. జక్రయ్య కిటికీ దగ్గర నిలబడి అది చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి బిళ్ళ తయారైంది. బుడాన్ చూశాడు. అనుకున్నదే. జక్రయ్యను కూడా చూడమన్నాడు.

"ఇంత పచ్చగా ఉంటే కాదంటారేంటండీ?"

"అది వెన్న రంగు. బంగారం అట్లా ఉండదు."

"ఎట్టా ఉంటది?"

"చూస్తే తెలుస్తుంది."

"నేను చూళ్లేదుగా. నాకెట్టా తెలుసుద్ది?"

"నేను చూశానుగా!"

"మీకు తెలిసింది, నాకు తెలవలా. ఇది పై పొర సంచిలోది సాయిబు గారూ. అడుగునుంచి వచ్చింది ఇంకో సంచిలో ఉంది. అది తెస్తా."

"తేవద్దు! నాటు!" అని బుడాన్ వెనకనుంచి అరిచాడు. జక్రయ్య అప్పటికే రోడ్డు మీద ఆటో ఆపుతున్నాడు.

మూడో రోజు పొద్దున్నే మళ్లీ దిగాడు. ఈసారి యూరియా సంచి లేదు. తళతళలాడే స్టీలు డబ్బా. మూత తీస్తే లోపల ముగ్గుపిండిలాంటి మెత్తటి పొడి.

"ఇదేంటి?"

"మొన్న మీ చెయ్యి చూశాను. దంచేటప్పుడు ఎంత బాధపడ్డారో. అందుకని ఇంటికాడే నూరించుకొచ్చా. మా ఆడది రెండు పూటలు కూర్చుని నూరింది."

గోడ మీద బుడాన్ చేత్తోనే రాసిన కాగితం ఒకటి అతికించి ఉంది, పొడి చేసిన నమూనాలు తీసుకోబడవు అని. ఆయన ఆ కాగితాన్నీ, డబ్బానూ, జక్రయ్య మొహాన్నీ చూశాడు. "ఎవరు నూరమన్నారు నిన్ను? రాయి రాయిలాగా తేవాలని తెలీదూ? అందరూ నా ప్రాణానికే!" అని కసురుకున్నాడు. కసురుకున్నాడే గానీ డబ్బా తిప్పి పంపలేదు. భుజం ఆ పొద్దు కూడా సలుపుతోంది. ఇన్నేళ్లలో రాళ్లు తెచ్చినవాళ్లు వందలమంది, ఆయన భుజం చూసినవాడు ఇతనొక్కడే.

మధ్యాహ్నం మూడింటికి బిళ్ళ మైక్రోస్కోపు కింద పెట్టాడు. వెన్నరంగు ముక్కలు, బూడిదరంగు పలుగు. మళ్లీ అదే. విసుగ్గా బిళ్ళను పక్కకు జరిపాడు. చేతివేళ్లు ఆగిపోయాయి.

మూలగా ఒక సన్నటి పచ్చటి గీత. దాని పక్కన ఇంకొకటి. వెన్న రంగు కాదు, ఇత్తడి రంగూ కాదు. మిగతావన్నీ వెలవెలబోయేంత వెలుగు. మెత్తటిది కాబట్టి పైన సన్నటి గీతలు పడి ఉన్నాయి. సూది మొనతో తాకితే పొడి రాలలేదు, నొక్కుకుపోయింది.

"బంగారం," అన్నాడు బుడాన్.

పైకే అన్నాడు. మొహం కడుక్కోలేదు, బిళ్ళ దించలేదు, రెండో చూపు లేదు. ముప్ఫై ఏడేళ్ల కట్టుబాటు ఒక్క మాటలో పోయింది. శరణ్య లేచి వచ్చి చూసి, "అవునండీ బుడాన్ గారూ, బంగారమే!" అంది ఇంకా గట్టిగా. కిటికీ అవతల జక్రయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. భార్యకు ఫోను చేశాడు.

"కోటిరత్నం! ఉంది! ఉందంటున్నారు! ఆ నారు ఇంక మనకెందుకే? పీరు అడుగుతున్నాడుగా, రేపొచ్చి పీక్కుపొమ్మని చెప్పు. ఉత్తినే ఇచ్చెయ్. మురిగిపోయేదానికన్నా ఎవరో ఒకరు బాగుపడనీ!"

"జక్రయ్యా, ఆగు!" అంటూ బుడాన్ బయటికి వచ్చేసరికి అద్దంకి బస్సు కదులుతోంది. జక్రయ్య ఫుట్‌బోర్డు మీద నిలబడి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

బుడాన్ లోపలికొచ్చి మొహం కడుక్కున్నాడు. బిళ్ళ దించి తుడిచి మళ్లీ పెట్టాడు. ఈసారి బంగారం కోసం కాదు, బంగారం పక్కన ఏముందో చూశాడు. చాలాసేపు చూశాడు.

"శరణ్యమ్మా, ఇటు రా. ఈ పలుగు ముక్కలు చూడు. ఎట్లా ఉన్నాయి?"

"కోణాలుగా, పగిలినట్టు ఉన్నాయండీ."

"ఇవి వాళ్ల పొలం రాయి. మొన్నటి బిళ్ళలోనూ ఇంతే. ఇప్పుడు బంగారం అంటుకున్న గింజలు చూడు."

ఆ పిల్ల చూసింది. "ఇవి గుండ్రంగా ఉన్నాయి. ఇసుక గింజల్లాగా."

"బంగారం వాటి లోపలుందా, పైనుందా?"

"పైన... పూసినట్టుంది." ఆమె బిళ్ళను అటూ ఇటూ జరిపింది. "కోణాల ముక్కల్లో ఒక్కదాంట్లో కూడా లేదండీ."

"లేదు. ఆ ఇసుకరాయి వాళ్ల పొలంలోది కాదు. దేంతో నూరారో దాంట్లోంచి వచ్చింది. గోడ మీద కాగితం రాసిందీ నేనే, మీరిందీ నేనే. ఈ నోరొకటి!" అని చెంప మీద కొట్టుకున్నాడు.

జక్రయ్యకు ఫోను చేస్తే ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతున్నట్టే వచ్చింది. సాయంత్రం దాకా అంతే. ఊరూవాడా ఆయనకే చేస్తున్నట్టుంది.

ఇంట్లో భార్య మదార్‌బీ అన్నం పెడితే కలుపుతూ కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"రాళ్ల మీది విసుగు అన్నం మీద చూపిస్తే ఎట్లా? ఏం జరిగిందో చెప్పండి," అంది ఆమె.

చెప్పాడు. ఆమె విని, "మాట మీ నోటి నుంచి పోయింది. కాళ్లు మీవే కదా, పొద్దున్నే బస్సెక్కండి," అంది.  తెల్లవారుజామున లేచి రెండు టిఫిన్లు కట్టింది, రెండోది ఆ పల్లెలో ఎవరికి అవసరమో వాళ్లకని.

అద్దంకి బస్సు ఆ రోజే కిక్కిరిసి ఉండాలా! భుజం పట్టుకుని నిలబడ్డాడు. నరసరావుపేట దాటాక ఒక ఆడమనిషి తన మూట ఒళ్లో పెట్టుకుని, "కూర్చో బాబాయ్, నీ మొహం చూస్తే నాకే నొప్పిగా ఉంది," అని చోటిచ్చింది. సంతమాగులూరు దాటాక దిగి ఆటో ఎక్కాడు. ఎక్కడికని అడగకుండానే, "బంగారం చేను కాడికేగా?" అన్నాడు ఆటో అబ్బాయి. బుడాన్ కళ్లు మూసుకున్నాడు.

జక్రయ్య చేను దగ్గర జాతర. బోరు పక్కన రాతి ముక్కల కుప్పకు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. సోడా బండి ఒకటి వచ్చి నిలబడింది. ఇద్దరు ముసలివాళ్లు చేతిగుడ్డల్లో ముక్కలు మూట కట్టుకుంటున్నారు. గట్టు అవతల నారుమడిలో నలుగురు కూలీలు వంగి నారు పీకుతున్నారు. పక్కనే ట్రాక్టరు. అప్పటికే రెండు మళ్లు ఖాళీ. పీకిన నారు తడి గోనెపట్టాల కింద మోపులుగా ఉంది.

"ఆపండి! ఆ నారు ముట్టుకోకండి!" అని గట్టు మీద నుంచే అరిచాడు బుడాన్.

ట్రాక్టరు దగ్గరున్న నడివయసు మనిషి తలెత్తాడు. పక్క చేను పీరు. "ఎవరు నువ్వు? ఆయనే పిలిచి ఇచ్చాడు. నేనేం దొంగతనంగా పీకట్లేదు."

"నువ్వు దొంగవని ఎవరన్నారయ్యా? ఒక్క గంట ఆగు. ఒక్క గంట."

జక్రయ్య జనంలోంచి పరుగెత్తుకొచ్చాడు. "సాయిబు గారూ! మీరే వచ్చారా! కాగితం తెచ్చారా?"

"కాగితం లేదు, ఏమీ లేదు. ముందు ఆ పొడి ఎక్కడ నూరారో చూపించు."

"అదేం చూడటం? ఇంట్లో నూరాం."

"దేంతో?"

"నాకేం తెలుసు? నూరింది కోటిరత్నం."

"పద ఇంటికి!"

ఇల్లు చేనుకు ఆనుకునే ఉంది. వసారాలో జక్రయ్య భార్య కోటిరత్నం కాళ్లు చాపుకుని, పురిటికొచ్చిన కూతురి బిడ్డకు నీళ్లు పోసి ఒళ్లు తుడుస్తోంది. మొగుడి వెనకాల సగం ఊరు రావడం చూసి, "బిడ్డకు దిష్టి తగలదూ? అందరూ ఇట్టా మీద పడతారేంటి?" అని కసిరింది. బుడాన్‌ను చూసి మాత్రం కొంగు సర్దుకుని, "కూర్చోండన్నా," అంది.

"అమ్మా, ఆ రాయి దేంట్లో నూరావు? రోట్లోనా?"

"రోట్లో ఎట్టా నూరతానన్నా? ఏడాది పొడుగునా మిరపకాయలు దంచే రోలు. ఎంత కడిగినా కారం పోదు. మీరు కళ్లు పెట్టి చూస్తారంట కదా, కళ్లలో మంట పుడుద్దని రోలు ముట్టుకోలా. సానరాయి కడిగి, దాని మీద నూరా. ముందు బండ మీద సుత్తితో చితక్కొట్టి, తర్వాత సాన మీద రెండు పూటలు నూరా. చేతులు బొబ్బలెక్కినాయి."

బుడాన్‌కి కోపం రావాలో, కళ్లలో నీళ్లు రావాలో తెలియలేదు. ఒకడు ఆయన భుజం చూశాడు, ఒకామె ఆయన కళ్లను తలుచుకుంది. ఇద్దరి మంచితనమూ కలిసి ఒక ఏడాది పంట మీదికి వచ్చింది.

"ఆ సాన ఏదమ్మా?"

ఆమె బిడ్డను భుజానేసుకుని, గూట్లోంచి సాన తీసి ఇచ్చింది. అరచేయంత గుండ్రటి ఇసుకరాయి. మధ్యలో గుంట పడి ఉంది. బుడాన్ దాన్ని ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూశాడు. అంచున పచ్చగా సన్నటి గీతలు.

"దీని మీద ఇంకేం అరగదీస్తావు?"

"ఏముంటాయి? పసిదానికి ఉగ్గు. రోజూ నీళ్లు పోశాక వసకొమ్ము రెండు చుట్లు, మా అత్త ఇచ్చిన ఉంగరం మూడు చుట్లు, తేనెలో. మాట బాగా వస్తదని వస, తెలివి వస్తదని బంగారం. మా నలుగురు పిల్లలకీ దీని మీదే అరగదీశా. ఇప్పుడు దీనికి."

 వెనక నిలబడ్డ ముసలాయన ఎవరో ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, జక్రయ్య తప్ప.

"అంటే... నేను మీకిచ్చింది..."

"మీ అత్త గారి... కాదు, మీ అమ్మ ఉంగరమయ్యా!" అన్నాడు బుడాన్. "నీ రాయి గట్టిది. నూరుతుంటే సానను కొరుక్కుతింది. సానకు అంటిన బంగారం పొడిలో కలిసింది. నేను చూసింది అదే. నీ పొలంలోది ఒక్క రవ్వ కూడా కాదు. ఇంకోసారి చూడకుండా నోరు జారాను. తప్పు నాది."

జక్రయ్య గోడకు ఆనుకున్నాడు. అంతలోనే మళ్లీ తలెత్తాడు. "అది సాన మీదిదే కావచ్చు. అంతమాత్రాన పొలంలో లేదని ఎట్టా చెప్తారు? రెండూ ఉండొచ్చుగా?"

బుడాన్ నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా, ఈ మనిషికి ఏ భాషలో చెప్పను! పొయ్యిలో నిప్పులున్నాయా అమ్మా?"

"ఉన్నాయన్నా, నీళ్ల పొయ్యి ఇంకా ఆరలా."

బుడాన్ జక్రయ్య చేతే బోరు కుప్పలోంచి బాగా మెరిసే ముక్కను తెప్పించాడు. "ఇందులో నీకు బాగా నచ్చిన మెరుపు నువ్వే ఏరుకో. తర్వాత నేను ఏదో మార్చానంటావు." జక్రయ్య శనగగింజంత పచ్చటి పలకను ఏరాడు. ముందు దాన్ని సుత్తితో కొట్టమన్నాడు బుడాన్. చిట్లి పొడిపొడి అయింది. కోటిరత్నం ఉంగరం తీసి పక్కన పెట్టబోయింది, దాన్నీ కొట్టి చూపించమని. "వద్దమ్మా, అది వంగుతుందే గానీ పగలదని మీ ఆయనకు తెలుసు," అన్నాడు బుడాన్. ఆ పొడిని గరిటెలో వేసి నిప్పుల మీద పెట్టాడు. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నటి నీలిమంట, వెనకే గుప్పున వాసన. అగ్గిపుల్లలు డబ్బాతో సహా అంటుకున్నట్టు. జక్రయ్యకు దగ్గు తెర వచ్చింది. పసిబిడ్డ తుమ్మితే కోటిరత్నం బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"బంగారం కంపు కొడుతుందా?" అడిగాడు బుడాన్.

 జక్రయ్య గరిటెలో మిగిలిన ఎర్రటి బూడిదను పుల్లతో కెలికి చూశాడు. "కొట్టదు," అన్నాడు.

అప్పుడు కోటిరత్నం పెరటి గుమ్మంలోంచి మొదలుపెట్టింది. "చెప్తే విన్నావా? వారం నుంచి చెప్తున్నా. నారు ముదురుతుందయ్యా, నాటయ్యా అని. ఉన్న నీళ్లు చాలక నూట ఎనభైకి దింపావు. ఉన్న నారు ఊళ్లోవాళ్లకు పంచావు. ఇప్పుడు ఏం తింటాం ఏడాదంతా, ఆ రాళ్లా?"

జక్రయ్య తలవంచుకుని గట్టు మీదికి నడిచాడు. ఇచ్చిన నారు తిరిగి అడగడానికి ఆయనకు నోరు రావడం లేదని నడకలోనే తెలుస్తోంది. పీరు ట్రాక్టరుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. సంగతి అప్పటికే అతని దాకా వచ్చింది.

"పీరూ..." అని ఆగిపోయాడు జక్రయ్య.

"ఏందిరా నసుగుతావు?" అన్నాడు పీరు. "నీ నారు నాకెందుకు? నాకు తగ్గింది అరెకరానికి. ఆ చివర రెండు మోపులు వదిలెయ్, చాలు. కూలీలు ఎటూ వచ్చారు. నారు పీకేశాం కూడా. ఇవాళ నీ చేలో నాటి, రేపు నా చేలో నాటుతారు. ట్రాక్టరు కూడా ఉంది, దున్ని గుంటకతో సదును చేయిస్తా. ఇంకా ఏంటి చూస్తావ్? పోయి బోరు మోటారు వెయ్, తడి కావాలి!"

జక్రయ్య కళ్లు తుడుచుకుంటూ మోటారు దగ్గరికి పరుగెత్తాడు.

జనం పలచబడ్డారు. సోడా బండి వెళ్లిపోయింది. కొబ్బరికాయ కొట్టినాయన చిప్పలు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. మూట కట్టిన ముసలివాళ్లలో ఒకాయన మాత్రం, "కాకిబంగారమైతే ఏం, చూడ్డానికి బాగుంది," అని మూట విప్పలేదు. 

శరణ్యకు ఫోను చేసి, "కాగితం రాయి తల్లీ. బంగారం లేదు అని పెద్ద అక్షరాలతో రాయి. రెండు కాపీలు. ఒకటి ఈ బోరుకు అతికిస్తాం, లేకపోతే రేపు ఎవడో గునపం తెస్తాడు," అని చెప్పాడు. తిరిగి పోవడానికి లేస్తుంటే కోటిరత్నం ఆపింది.

"ఎక్కడికన్నా? నారు నలభై ఒక్క రోజులది. తలలు తుంచి నాటాలి, లేకపోతే పొడుగ్గా సాగి వాలిపోద్ది. నాటేవాళ్లకు అందించే మనిషి లేడు. కూర్చుని తుంచండి."

"నాకు మిరప పని రాదమ్మా."

"మాకు మీ పని వచ్చా ఏంటి? చేశాంగా!"

 బుడాన్ గట్టు మీద వేపకొమ్మ నీడలో కూర్చుని మోపు విప్పాడు. మదార్‌బీ కట్టిన రెండో టిఫిన్ కూలీల్లో అన్నం తెచ్చుకోని ముసలామెకు ఇచ్చాడు. ఒక్కో మొక్క పట్టుకుని కొస తుంచుతూ, "ఇంత పొడుగు తుంచాలా? ఇది ముదిరిందా లేతదా? మీరెవరూ సరిగ్గా చెప్పరేం?" అని సణుగుతూనే ఉన్నాడు. వేళ్లు మాత్రం ఆగలేదు. మధ్యాహ్నానికి తడిపిన సాళ్లలో రెండు వరసలు నిలబడ్డాయి. జక్రయ్య అందరికన్నా ముందు వంగి నాటుతున్నాడు. మధ్యలో ఒకసారి బుడాన్ దగ్గరికి వచ్చి మోపు తీసుకుంటూ, "ఎన్ని బతుకుతాయంటారు?" అని అడిగాడు.

"నన్నడుగుతావేంటయ్యా? రైతువి నువ్వు."

"ముప్పాతిక బతుకుతాయి," అన్నాడు జక్రయ్య. "రేపు ఒక జల్లు పడితే ఇంకా ఎక్కువే."

సాయంత్రపు అసర్ నమాజు వేళయింది. బోరు నీళ్లతో కాళ్లు చేతులు మొహం కడుక్కుని, పీరుతో పాటు గట్టు మీద తువ్వాలు పరుచుకుని నిలబడ్డాడు బుడాన్. సాళ్లలో ఆడవాళ్లు గట్టిగా పాట పాడుకుంటున్నారు. కోటిరత్నం తలెత్తి చూసి చెయ్యి ఊపింది. పాట ఆగింది. నమాజు అయ్యేదాకా చేలో మోటారు చప్పుడు, మొక్క దిగేచోట తడిమట్టిని బొటనవేళ్లతో నొక్కే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన తువ్వాలు మడుస్తుండగానే ఒకామె కేకేసింది. "సాయిబు గారూ, దణ్ణం అయిందా? ఇక్కడ నారు అయిపోయింది. ఆ పెద్ద మోపు అందుకోండి!"

"ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వరు గదా!" అంటూ బుడాన్ ఎడమ భుజానికి మోపు ఎత్తుకున్నాడు.